బెంగళూరులో రోజూ 40 కిలోమీటర్లు తిరిగేవాళ్ళకి సీఎన్జీ కారు కలిసొస్తుందా?

మారతహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి రోజూ వెళ్ళొస్తాను, పెట్రోల్ కారు కంటే సీఎన్జీ నిజంగా చవకా అని అడిగారు కదా. మీ తిరుగుడికి కలిసొస్తుందండి, కాకపోతే వెంటనే కాదు.

సీఎన్జీ అంటే బాగా ఒత్తిడితో సిలిండర్‌లో నింపే సహజవాయువు, దాన్ని లీటర్లలో కాదు, కిలోల్లో అమ్ముతారు. మన ట్రాఫిక్‌లో పెట్రోల్ లీటరుకి 16 కిలోమీటర్లు, గ్యాస్ కిలోకి 24 వస్తుందనుకోండి, పెట్రోల్ 102, గ్యాస్ 90 రూపాయలు వేసుకుంటే కిలోమీటరుకి పెట్రోల్ 6.40 దాకా పడుతుంది, గ్యాస్ 3.75, అంటే నెలకి 1000 కిలోమీటర్లు తిరిగితే 2,600 మిగులుతుంది. పెట్రోల్ కారు కంటే సీఎన్జీ కారుకి అదనంగా 90 వేలు పెట్టారనుకుంటే అది తిరిగి రావడానికే దాదాపు 3 ఏళ్ళు. వారానికోసారి బండి తీసేవాళ్ళయితే అసలు వద్దు.

డిక్కీ సంగతి కూడా చూసుకోండి, గ్యాస్ సిలిండర్ అక్కడే పెడతారు కాబట్టి పండక్కి అనంతపురమో కర్నూలో ఫ్యామిలీతో బయల్దేరితే సూట్‌కేసులు ఎక్కడ పెట్టాలో తెలీదు, టాటా వాళ్ళు రెండు చిన్న సిలిండర్లు కింద పెట్టి కొంత జాగా మిగిల్చారు, నాకది బాగా నచ్చింది. హైవేలో గ్యాస్ అయిపోయినా స్విచ్ నొక్కితే పెట్రోల్ మీద నడుస్తుంది కాబట్టి భయం లేదు.

ఇంకోటి, దయచేసి గల్లీ మెకానిక్ దగ్గర పెట్రోల్ కారుకి సీఎన్జీ కిట్ వేయించకండి. సిలిండర్‌లో గ్యాస్ 200 బార్ అంత పెద్ద ప్రెషర్‌లో ఉంటుంది, కంపెనీ ఫిట్టింగే తీసుకోండి, 3 ఏళ్ళకోసారి సిలిండర్‌కి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడి పెట్టి సిలిండర్ గట్టిదనం చూసే పరీక్ష) తప్పకుండా చేయించండి.