సర్వదర్శనం ఉచితమే కదా, ఆర్థికవేత్తలు దానికీ ధర ఉందంటారెందుకు?

టికెట్ లేకపోయినా, క్యూలో గడిపే సమయమే దాని ధర కాబట్టి. తిరుమలలో దర్శన వేళలు పరిమితం, వచ్చేవాళ్లు ఎక్కువ. డబ్బుతో వడకట్టనప్పుడు ఆ పని నిరీక్షణ చేస్తుంది. ఈ ధర అందరికీ ఒకటి కాదు. రోజుకు 800 రూపాయల కూలి వచ్చే మేస్త్రీ ఒక రోజంతా కంపార్ట్‌మెంట్‌లో కూర్చుంటే, 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం కన్నా ఆయనకు ఎక్కువే పడినట్టు. రిటైరైన మాస్టారికి అంత పడదు. పైగా టికెట్ డబ్బు దేవస్థానానికైనా చేరుతుంది. క్యూలో పోయిన గంటలు ఎవరికీ చేరవు. అసలు నష్టం అదే.

అలాగని ఆర్థికశాస్త్రం అన్నిటికీ టికెట్ పెట్టమంటుందనుకోవడం పొరపాటు. తిరుపతిలో ఇచ్చే టైమ్‌స్లాట్ టోకెన్లు పైసా తీసుకోకుండానే కొండ మీద నిరీక్షణను తగ్గిస్తాయి (టోకెన్ కోసం నిలబడే క్యూ సంగతి వేరు).