గీతను చూసి తొందరపడకు

ఒరేయ్ చిన్నా,

పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసింది. బండి కొని నెల కాలేదు, అప్పుడే ట్యాంకు మీద గీతలు పడ్డాయని నీకు రాత్రి నిద్ర లేదట, ఆదివారం నేనే కూర్చుని పాలిష్ కొట్టేస్తానన్నావట. నిద్ర సంగతి ఎలా ఉన్నా ఈ రెండో మాట విన్నాక నాకు టెన్షన్ పట్టుకుంది. సొంత జీతంతో కొనుక్కున్నావు, పని కూడా సొంతంగా చేసుకుంటానంటున్నావు, గర్వంగానే ఉందిరా. కానీ నీ తొందర అచ్చం నాదే, భయం అక్కడే.

ముందు బండి కడుగు. ఇంజన్ చల్లారాక, నీడలో, నీళ్లు పోసి దుమ్ము వదిలించి, ఆ తర్వాతే బండి షాంపూ, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ. పొడి గుడ్డతో దుమ్ము తుడిచే అలవాటుంటే ఈరోజే మానుకో, ఆ సన్నగీతలన్నీ నువ్వే పెట్టుకుంటున్నట్టు లెక్క.

ఆరాక గీతకి అడ్డంగా గోరుతో మెల్లగా లాగి చూడు. గోరు తట్టకుండా జారిపోయి, తడి చేసినప్పుడు గీత మాయమైతే అది క్లియర్ కోటులోనే, అంటే రంగు పైన ఉండే పారదర్శకమైన పొరలోనే ఉంది, దిగులక్కర్లేదు. గోరు పట్టుకుంటే మాత్రం మామూలు పాలిష్‌కి పోదు, మొండికెయ్యకు. క్లియర్ కోటు మందం సుమారు 40, 50 మైక్రాన్లు, అంటే చాలామంది తలవెంట్రుక కంటే పల్చన. పాలిష్ అనేది గీతను పూడ్చదురా, చుట్టూ ఉన్న పొరను అరగదీసి గీత అడుక్కి సమానం చేస్తుంది. ఈ ముక్క నాకు ఆ రోజుల్లో ఎవరూ చెప్పలేదు.

నా మొదటి బండి నల్లది. కొన్న మూడో వారం, మీ నాన్న బడి నుంచి వచ్చి, స్టాండు వేసి ఉన్న బండెక్కి ట్యాంకు మీదికి వంగి నోటితో డుర్‌ర్ అంటూ ఎక్కడికో వెళ్లిపోతున్నాడు. బెల్టు బకిల్ రాసుకుని వేలెడు గీత పడింది. వాడి వీపు మీద ఒక్కటిచ్చి, తలుపులకి రంగు వేయగా మిగిలిన శాండ్ పేపర్ తీసుకుని కూర్చున్నాను. రుద్దాను. గీత పోయింది కానీ ఆ చోటంతా మసకబారింది. మెరుపు రావాలని ఇంకా రుద్దాను. తడిగుడ్డతో తుడిస్తే నల్లగా అంటుకుంటోంది, మురికి వదులుతోందనుకుని మరింత హుషారుగా రుద్దాను. అది మురికి కాదురా, రంగు. కాసేపటికి కోడిగుడ్డంత మేర రంగు కింద వేసే బూడిదరంగు ప్రైమర్ పూత బయటపడింది, ట్యాంకు అంచు దగ్గరైతే ఏకంగా రేకే తళతళమంది. అంచుల మీద రంగు పల్చగా ఉంటుంది, మన చెయ్యేమో అక్కడే ఎక్కువ ఒత్తుతుంది.

అక్కడితో ఆగినా బాగుండేది. కిటికీ ఊచలకి వేసిన నల్లరంగు డబ్బాలో ఇంకాస్త ఉంటే, రేకు సరిగ్గా శుభ్రం చేయకుండానే బ్రష్‌తో పూసేశాను. వర్షాకాలం వెళ్లేసరికి ఆ చోట చిన్న పొక్కు లేచింది. గోరుతో గిల్లితే పెచ్చు ఊడి కింద ఎర్రటి తుప్పు రాలింది. బండి అమ్మేదాకా ఆ మచ్చ నా మోకాలి పక్కనే ఉంది.

మీ నాన్న ఆ తర్వాత నా బండెక్కినప్పుడల్లా బెల్టు బకిల్‌ను పక్కకి తిప్పుకుని కూర్చునేవాడు. మొన్న నీ కొత్త బండి మీద దిగిన ఫొటో పంపావు కదా, సరిగ్గా చూడు, చొక్కా కిందికి లాగి బకిల్ మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఈ వయసులో! అందుకే గీత ఎవరు పెట్టారని ఇంట్లో ఒక్కొక్కరినీ నిలదీస్తున్నావని విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. ఆ ఆరా ఇక్కడితో ఆపు.

సరే, నీ గీతల సంగతి. పైపైవైతే నున్నటి ఫినిషింగ్ పాలిష్ తెచ్చుకో, ముతక రబ్బింగ్ కాంపౌండ్ కాదు, టూత్‌పేస్టు అసలే కాదు. అంచులకి మాస్కింగ్ టేపు వేసి, కొంచెం మేర చేత్తో రుద్ది, తుడిచి చూసుకో. నూటికి ఎనభై వంతులు పోతే చాలు, మిగతాది వదిలెయ్. మెషిన్ జోలికి వెళ్లకు. అన్నట్టు నీది మ్యాట్ ఫినిష్ అయితే ఇదంతా మర్చిపో, పాలిష్ పెట్టిన చోట మెరుపు వచ్చి గీతకంటే అసహ్యంగా తయారవుతుంది.

లోతుగా దిగి రేకు కనిపిస్తుంటే అది మటుకు ఆలస్యం చేయకు, తుప్పు ఆగదు. నీ బండి రంగుకి కంపెనీ ఇచ్చిన కలర్ కోడ్ ప్రకారం టచప్ పెయింట్ తెప్పించు, జిడ్డు లేకుండా తుడిచి, పల్చగా, ఒక పూత ఆరాకే ఇంకోటి. తుప్పు అప్పటికే మొదలై ఉంటే మంచి పెయింటర్‌కి అప్పగించు. ప్లాస్టిక్ ప్యానెళ్ల మీదైతే తుప్పు గొడవే లేదు, తీరిగ్గా చూసుకోవచ్చు.

ఆదివారం ఏదీ ముట్టుకోకముందు నాకు ఫొటో పంపు. ఎదురుగా తీయకు, పక్కనుంచి టార్చి వేసి గీత మీద వెలుగు ఏటవాలుగా పడేలా తియ్యి. గోరు పట్టుకుందో లేదో కూడా రాయి. నేను చూసి చెప్పేదాకా పాలిష్ డబ్బా మూత తియ్యకు.

మీ పెదనాన్న