వారానికి ఒక్క ఆదివారంతో ఊరికి ఏం చేయగలం?

ఉద్యోగం విశాఖలో, ఊరు పలాస దగ్గర, దొరికేది ఆదివారం ఒక్కటే. పిల్లలకో, ఇరుగుపొరుగుకో ఏదైనా చేయాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. మాదీ ఆ పక్కే, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం, వజ్రపుకొత్తూరు మండలం. ముందు నా తెలివితక్కువ పని చెబుతాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. నాలుగో రోజు స్నేహితులం కలిసి ఆటో నిండా పాతబట్టలు పట్టుకెళ్లాం. ఒక ముసలమ్మ మూట విప్పి చూసి, మళ్లీ కట్టేసి, "బట్టలేటి సేసుకుంటాం బావూ, రంపముందేటి?" అంది. ఆవిడ వాకిలికి అడ్డంగా రెండు కొబ్బరిచెట్లు. వాటి కింద నుంచి దూరి ఇంట్లోకి వెళ్తోంది. కరెంటు లేక ట్యాంకులోకి నీళ్లు ఎక్కడం లేదు. మర్నాడు రంపం మిషను, అద్దె జనరేటరు తీసుకెళ్లాం. అప్పట్నుంచి అడగకుండా ఏదీ కొనడం లేదు.

తుపాను ఎప్పుడో వస్తుంది. మా దగ్గర ఎప్పుడూ ఉండేది కిడ్నీ జబ్బు. మా వీధిలో ఒక తాతకి వారానికి రెండుసార్లు డయాలసిస్. మిషను మీద నాలుగు గంటలు, రానుపోను కలిపి రోజంతా పోతుంది. కొడుకూ కోడలూ చెన్నైకి వలస వెళ్లారు. తోడు వెళ్లేది ఏడో తరగతి మనవరాలు. అంటే వారంలో రెండు రోజులు ఆ పిల్లకి బడి లేనట్టే. మేం నలుగురం వంతులు వేసుకున్నాం. పెద్ద పనేం కాదు, పక్కన కూర్చోవడమే. తిరిగొచ్చేటప్పుడు బాగా నీరసపడిపోతారు, బండి మీద తేవద్దు, ఆటో మాట్లాడండి.

మీకు ఆదివారమే కుదురుతుంది కాబట్టి ఎనిమిదో తరగతి పిల్లల్ని పట్టుకోండి. ఎన్‌ఎంఎంఎస్ అని పేదింటి పిల్లలకి కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది. అందులో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయల స్కాలర్‌షిప్. లెక్కలు, సైన్సు బడిలో చెబుతారు. రీజనింగ్ దగ్గరే మన పిల్లలు తడబడతారు. అయినా అసలు టెన్షన్ చదువుతో కాదు, కాగితాలతో. ఆదాయ ధ్రువపత్రం కావాలి, ఆధార్‌లో పేరు ఒకలా ఉంటుంది, బడి రికార్డులో ఇంకోలా. అమ్మానాన్నలు వలస వెళ్లిన ఇంట్లో అమ్మమ్మ ఎన్నిసార్లని సచివాలయం చుట్టూ తిరుగుతుంది? ఆ పని మీద ఒక సోమవారం సెలవు పెట్టినా నష్టం లేదు.

ఫొటోలు మాత్రం తీయకండి. మొదటి ఏడాది నోటుపుస్తకాలు పంచి వాట్సాప్ స్టేటస్ పెట్టాను. బడిలో తోటిపిల్లలు ఏదో అన్నారట. రెండో రోజు పొద్దున్నే ఒక పిల్ల వచ్చి, ఆ పుస్తకాలు మా అరుగు మీద పెట్టి, పిలిచినా వినకుండా వెళ్లిపోయింది.