లెగ్ డే వెనక ఉన్న సైన్సే కెరీర్ అవుతుందా?

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం, లైఫ్ సైన్సెస్. రెండేళ్లుగా జిమ్‌కు వెళ్తున్నాను. కాళ్ల వ్యాయామం చేస్తే టెస్టోస్టెరాన్ పెరిగి ఒళ్లంతా కండ పడుతుందని మా ట్రైనర్ అంటారు. ఈ సైన్సునే వృత్తిగా చేసుకోవాలని ఉంది. జిమ్ ట్రైనర్ కావడం తప్ప వేరే దారి ఉందా?

జవాబు: ఉంది. ముందు మీ ట్రైనర్ చెప్పిన మాట సంగతి చూద్దాం. అలాంటి మాటల్లో నిజం ఎంతో తేల్చగలగడమే ఈ రంగంలో అసలు పని.

బరువులతో స్క్వాట్లు, లెగ్ ప్రెస్ గట్టిగా చేస్తే టెస్టోస్టెరాన్, గ్రోత్ హార్మోన్ పెరుగుతాయి, నిజమే. అయితే గంట తిరిగేసరికి దాదాపు మామూలు స్థాయికి వచ్చేస్తాయి. ఆ కాసేపటికే చేతుల్లో కండ పెరుగుతుందా? కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్లు 12 మంది యువకులతో 15 వారాలు పరీక్షించి చూశారు. ఒక చేతికి విడిగా వ్యాయామం. రెండో చేతికి వేరే రోజున చేయించి, వెంటనే కాళ్లకు భారీ వ్యాయామం. 2010లో వచ్చిన ఫలితం: రెండు చేతులూ ఒకేలా పెరిగాయి. మరుసటి ఏడాది నార్వే నుంచి వచ్చిన ఒక చిన్న అధ్యయనం మాత్రం, కాళ్లకు ముందుగా వ్యాయామం చేస్తే చేతులకు కొంత లాభం ఉందంది. ఈ రెండు పేపర్లూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఎంతమందితో చేశారు, కాళ్ల వ్యాయామం ముందా తర్వాతా, ఏం కొలిచారు? చదువుతూ భోజనం వేళ మర్చిపోయారంటే, ఈ రంగం మీకు సరిపోతుందని ధైర్యంగా చెప్తాను.

నా మొగ్గు మొదటి దాని వైపే. కండ పెరగడానికి మూలం ఆ కండ మీద పడే బరువే. ఆ లాగుడును కండర కణాలు పసిగట్టి ఎంటార్ అనే ప్రోటీన్‌ను మేల్కొలుపుతాయి. అక్కడి నుంచి ఒకటి రెండు రోజులు కొత్త ప్రోటీన్ తయారీ జోరుగా సాగుతుంది. కాళ్ల మీద పెట్టిన శ్రమకు ఫలితం ముఖ్యంగా కాళ్లకే.

కండ పెరిగితే మెటబాలిజం, అంటే ఒళ్లు కేలరీలు ఖర్చు చేసే వేగం, బాగా పెరుగుతుందని కూడా ఎక్కువ చేసి చెప్తుంటారు. విశ్రాంతిలో కిలో కండ రోజుకు ఖర్చు చేసేది సుమారు 13 కేలరీలు, అంతే. అసలు లాభం గ్లూకోజ్ దగ్గర ఉంది. కండ బిగుసుకున్నప్పుడు గ్లూట్-4 అనే రవాణా ప్రోటీన్లు కణం పైపొరకు చేరి, ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోని చక్కెరను లోపలికి తీసుకుంటాయి. తొడలు, పిరుదుల కండలు ఒంట్లోకెల్లా పెద్దవి కాబట్టి, అవి పనిచేస్తే చక్కెర ఖర్చూ ఎక్కువే.

మీ ఉద్యోగం ఉన్నది సరిగ్గా ఇక్కడే. షుగర్ ఉన్నవాళ్లు, గుండె ఆపరేషన్ తర్వాత కోలుకుంటున్నవాళ్లు, వయసు మీద పడ్డవాళ్లు. చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలరో లెక్కపెట్టే చిన్న పరీక్ష ఒకటుంది. మొదటి రోజు ఐదుసార్లకే ఆగిపోయిన పెద్దావిడ కొన్ని నెలల తర్వాత పదిసార్లు లేస్తే, ఇక బాత్రూమ్‌కు వెళ్లడానికి ఆమెకు ఎవరి చేయీ అక్కర్లేకపోవచ్చు. ఆ మార్పు తెచ్చేవారే ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్టు. మీ డిగ్రీ తర్వాత ఆ సబ్జెక్టులో మాస్టర్స్ చేయమనే నా సలహా.

క్రీడాకారులతో పనిచేయాలనుంటే స్ట్రెంగ్త్ అండ్ కండిషనింగ్ వైపు, అంటే ఆటకు కావాల్సిన బలం, దమ్ము పెంచే శిక్షణ వైపు వెళ్లండి. ఈ శిక్షకుల కోసం అమెరికా సంస్థ ఎన్‌ఎస్‌సీఏ (నేషనల్ స్ట్రెంగ్త్ అండ్ కండిషనింగ్ అసోసియేషన్) ఇచ్చే సీఎస్‌సీఎస్ సర్టిఫికెట్‌కు బాగా విలువుంది, దానికి డిగ్రీ తప్పనిసరి. ఫిజియోథెరపీ పూర్తిగా వేరే చదువు. గాయాలకు చికిత్స చేయాలనుకుంటే తప్ప అటు మళ్లొద్దు.

జిమ్ మానొద్దు. ఈ నెల నుంచి మీరు ఎత్తే బరువులు, సెట్లు, తొడ చుట్టుకొలత ఒక నోట్‌బుక్‌లో తేదీలతో రాయండి. మాస్టర్స్ ఇంటర్వ్యూకు ఆ నోట్‌బుక్ వెంట తీసుకెళ్లండి.