వెండితెర సందేహాలు: పళ్లతోనా, పళ్లు లేకుండానా?

ప్రశ్న: సహాయ నటుడిగా మూడు ఆస్కార్లు కొట్టిన మనిషి ఒక్కడే ఉన్నాడట కదా! ఎవరాయన? మళ్లీ ఎవరికీ ఎందుకు రాలేదు? – ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: వాల్టర్ బ్రెన్నన్. 1894లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని లిన్ పట్టణంలో పుట్టాడు. సహాయ నటులకు విడిగా అవార్డు మొదలైందే 1936 సినిమాలతో. ఆ తొలి అవార్డు 'కమ్ అండ్ గెట్ ఇట్'తో ఈయనకే దక్కింది. తర్వాత 'కెంటకీ' (1938), 'ద వెస్టర్నర్' (1940). నాలుగోసారి 'సార్జెంట్ యార్క్'కు నామినేషన్ వచ్చింది గానీ డొనాల్డ్ క్రిస్ప్ ఎగరేసుకుపోయాడు.

మూడింటి వెనక ఒక మెలిక ఉంది. ఈయన ఎక్స్‌ట్రాగా గుంపులో నిలబడి పైకొచ్చినవాడు. ఆ రోజుల్లో ఎక్స్‌ట్రాలకూ ఆస్కార్ ఓటు ఉండేది. మనవాడే అని వాళ్లు గుద్దారని ఇప్పటికీ అంటారు. తర్వాత వాళ్ల ఓటు తీసేశారు. అయినా 'వెస్టర్నర్' చూశాక ఓట్ల గొడవ గుర్తురాదు. ఇంకో ముచ్చట: అప్పట్లో సహాయ నటులకు ఇచ్చింది బొమ్మ కాదు, ఫలకం. పూర్తి సైజు బొమ్మ 1944 వేడుక నుంచే.

ప్రశ్న: ఎప్పుడు చూసినా ముసలి వేషమే. అంత వయసుందా? – ఒక పాఠకురాలు, మహబూబాబాద్

జవాబు: ఎక్కడిది! 'కెంటకీ' నాటికి 44. 1932లో తగిలిన దెబ్బకు చాలా పళ్లు పోయి కట్టుడు పళ్లు వచ్చాయి. 'బార్బరీ కోస్ట్' (1935) కోసం డైలాగు చదవమంటే "వాటితోనా, లేకుండానా?" అని అడిగాడట. వేటితో అంటే, పళ్లతో! దర్శకుడు హోవర్డ్ హాక్స్ చెప్పిన ముచ్చట ఇది. మూడు రోజులకని తీసుకుని, వేషం పెంచుకుంటూ వారాల తరబడి ఉంచుకున్నాడట.

ప్రశ్న: నాకు 22 ఏండ్లు. కాలేజీ నాటకంలో 70 ఏండ్ల తాత వేషమిచ్చిన్రు. పళ్లన్నీ సక్కగున్నయ్. ఎట్ల జెయ్యాలె? – ఒక విద్యార్థి, జనగామ

జవాబు: పెదవులు చాలు. పై పెదవిని పళ్ల మీదుగా కొంచెం లోపలికి మడవండి. బోసి నోట్లో తేలిపోయేవి ముఖ్యంగా త, ద, స. త, దలకు నాలుక పై పళ్ల వెనక తగలాలి, స పలకాలంటే గాలి పళ్ల సందులోంచి పోవాలి. స్క్రిప్టులో ఆ మూడక్షరాల కింద గీత పెట్టుకుని అక్కడే పలుకు మెత్తబరచండి. మాటంతా నానిస్తే మూడో వరుస దాటి ఒక్క ముక్క అర్థం కాదు. మన వరంగల్ నేరెళ్ల వేణుమాధవ్ గారి రికార్డింగులు దొరికితే వినండి. గొంతు ఎన్ని వేషాలేసినా మాట తప్పిపోదు.

కుంటు పెడితే ఏ కాలో మొదటి రిహార్సల్‌లోనే ఖాయం చేయండి. సీను మారగానే ఎడమ కాలి కుంటు కుడి కాలికొస్తుంది, జనం నవ్వేది అక్కడే. ఆ కాలి చెప్పులో మడమ కింద మడిచిన గుడ్డ పెట్టుకుంటే కాలే గుర్తుచేస్తుంది. కొందరు గులకరాయి పెడతారు, వద్దు, బొబ్బలెక్కుతాయి. తలకు టాల్కం పౌడర్ కూడా వద్దు. తల ఊపినప్పుడల్లా లైట్ల వెలుగులో పొగలా లేస్తుంది. తెల్ల మేకప్ రంగును పాత టూత్‌బ్రష్‌తో కణతల దగ్గర నుంచి పైకి పలచగా దువ్వండి.

అన్నిటికంటే ముందు చేతుల వణుకు ఆపండి. బ్రెన్నన్ ముసలోళ్లు వణకరు. సణుగుతారు, ఉరుకుతారు, తగువు పెట్టుకుంటారు.

ప్రశ్న: ఆయన సినిమాల్లో ముందు ఏది చూడాలి? – ఒక పాఠకుడు, హుజూరాబాద్

జవాబు: 'రియో బ్రావో' (1959). జైలుకు కాపలా ఉండే కుంటి స్టంపీ ఆయనే. జాన్ వేన్ అంతటివాణ్ని కసురుకుంటూనే ఉంటాడు. ఆ తర్వాత 'ద వెస్టర్నర్'. నటి లిల్లీ లాంగ్‌ట్రీ అంటే పిచ్చి ఉన్న జడ్జి రాయ్ బీన్ వేషం. ఆమె జుట్టుపాయ తన దగ్గరుందని గ్యారీ కూపర్ కబురు చెప్పగానే, ఉరి వేయాల్సిన జడ్జి ముఖం ఎట్లా కరుగుతుందో చూడండి.