డ్రైవర్ దొరకలేదని డిస్కులు చెరిపేశారు: పరిహారం వస్తుందా?

ప్రశ్న: నేను గుంటూరులో పెళ్లి వీడియోల ఎడిటింగ్ చేసుకుని బతుకుతున్నాను. నా పాత ల్యాప్‌టాప్‌లో రెండు హార్డ్ డిస్కులు రెయిడ్ పద్ధతిలో కలిసి ఒకటిగా పనిచేసేవి. విండోస్ 7 మొరాయిస్తుంటే విజయవాడలోని ఒక రిపేరు షాపులో ఇచ్చి, సి డ్రైవ్ మాత్రమే ఫార్మాట్ చేయమని, డి జోలికి వెళ్లవద్దని చెప్పాను. డిస్కులను నడిపే స్టోరేజ్ కంట్రోలర్‌ను విండోస్ గుర్తుపట్టడానికి కావలసిన సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, దొరకలేదట, డిస్కులు కనిపించలేదట! రెయిడ్ రీసెట్ చేసి, అంటే ఆ డిస్కుల జోడీని విడదీసి, కొత్తగా విండోస్ వేశామని వాట్సాప్‌లో పంపారు. ఫుటేజి అంతా పోయింది. అడిగితే రసీదు మీద ‘డేటాకు మా బాధ్యత లేదు’ అన్న వాక్యం చూపిస్తున్నారు. 1,500 రూపాయలు కడితేనే ల్యాప్‌టాప్ ఇస్తారట. పోలీసు కేసు పెట్టవచ్చా?

జవాబు: పోలీసు కేసు ఆలోచన మానుకోండి. ఐటీ చట్టం, 2000లోని 66వ సెక్షన్ కింద నేరం కావాలంటే ఆ పని మోసబుద్ధితోనో, దురుద్దేశంతోనో చేసి ఉండాలి. మీరు చెప్పినదాన్నిబట్టి అక్కడ జరిగింది నిర్లక్ష్యం. దానికి దారి వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు.

ఫిర్యాదులో డ్రైవర్ లేకపోవడాన్ని తప్పుగా చూపకండి. పాత మెషిన్లలో ఇది మామూలే. ఇన్‌స్టలేషన్ డీవీడీలో ఆ కంట్రోలర్‌కు తగిన డ్రైవర్ లేకపోతే డిస్కులు క్షేమంగా ఉన్నా తెర మీద కనిపించవు. అలాంటప్పుడు తయారీ సంస్థ వెబ్‌సైట్ నుంచి డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, సెటప్‌లోనే ఉన్న ‘లోడ్ డ్రైవర్’ ద్వారా చూపించాలి. అది చేతకాకపోతే మెషిన్ తిరిగి ఇచ్చేయవచ్చు. అందులో ఏ నేరమూ లేదు. మీకు ఒక ఫోను చేయకుండా రెయిడ్ రీసెట్ చేయడమే అసలు తప్పు. మీది ఇంటెల్ కంట్రోలర్ అయితే, రీసెట్ ఎంచుకోగానే డిస్కులోని డేటా అంతా పోతుందని తెర మీద హెచ్చరిక వస్తుంది. ‘వై’ మీట నొక్కితేనే పని ముందుకు సాగుతుంది. అంటే షాపు టెక్నీషియన్ ముందు ఆ హెచ్చరిక ఉండగానే మీట నొక్కారన్నమాట. ఆ హెచ్చరిక ఉన్న యూజర్ మాన్యువల్ పేజీని ప్రింటు తీసి, వాట్సాప్ సందేశంతో కలిపి ఫిర్యాదుకు జత చేయండి. నన్నడిగితే ఈ రెండు కాగితాల మీదే కేసు నిలబడుతుంది.

వినియోగదారుల రక్షణ చట్టంలోని 2(11) సెక్షన్ ప్రకారం వినియోగదారుడికి నష్టం కలిగించిన నిర్లక్ష్యం సేవాలోపమే. రసీదు మీది వాక్యం డిస్కు దానంతట అది పాడైతే షాపును కాపాడవచ్చు. వద్దన్న పని చేసినందుకు కాపాడుతుందని నేననుకోను. ఆ వాక్యం మీద కోపంతో ‘అన్యాయమైన ఒప్పందం’ అని మాత్రం రాయకండి. అలాంటి ఫిర్యాదులను విచారించే అధికారం రాష్ట్ర కమిషన్‌దే, జిల్లా కమిషన్‌కు లేదు. ఒక్క పదంతో కేసు దారి తప్పుతుంది.

అవతలి లాయరు పట్టుకునేది మరొకటి ఉంది. ఇది మీ వ్యాపారం కాబట్టి మీరు వినియోగదారుడే కాదంటారు. స్వయం ఉపాధికి చట్టం మినహాయింపు ఇచ్చింది. కానీ 2019 చట్టంలోని ఆ వివరణ వస్తువుల గురించే చెబుతుంది. అంతకు ముందున్న 1986 చట్టం సవరణ తర్వాత సేవలనూ పేర్కొనేది. అందుకే ఇది మీ ఒక్కరి జీవనాధారమని, జీతగాళ్లు లేరని, ల్యాప్‌టాప్ మీరే వాడతారని ఫిర్యాదు మొదట్లోనే స్పష్టంగా రాయాలి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు ఉందా అన్న ప్రశ్న కూడా రావచ్చు, చూసుకోండి.

ఇక 1,500 రూపాయల సంగతి. ఒప్పుకున్న పని ఒప్పుకున్నట్లు చేసినవారికే, కూలి అందేవరకు వస్తువును అట్టిపెట్టుకునే హక్కును కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ఇస్తుంది. ఈ షాపుకు ఆ హక్కు ఉందని నేననుకోను. అయినా పంతానికి పోవద్దు. ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రసీదు మీద రాసి, డబ్బు కట్టి ల్యాప్‌టాప్ తెచ్చుకోండి. అక్కడ దాన్ని ఎవరైనా ఆన్ చేసిన ప్రతిసారీ మిగిలిన డేటా మీద కొత్త రాత పడవచ్చు. మీరూ ఆన్ చేయకండి. ఏ డిస్కు ఏ స్థానంలో ఉందో ఫొటో తీసి, రెండూ డేటా రికవరీ ల్యాబుకు పంపండి. మీది రెయిడ్ 0 అనే రకం అయితే ఫైలు ముక్కలై రెండింటి మీదా ఉంటుంది, ఒక్కటే పంపితే లాభం లేదు. ల్యాబు రాతపూర్వక నివేదిక మీకు సాక్ష్యం, బిల్లు మీ నష్టంలో భాగం.

పరిహారం కోసం ‘విలువ కట్టలేని జ్ఞాపకాలు’ అని రాస్తే కమిషన్ అంకె వేయలేదు. పెళ్లివారికి తిరిగిచ్చిన అడ్వాన్సుల రసీదులు, ల్యాబు బిల్లు, షాపుకు కట్టిన డబ్బు లెక్క చూపి, మానసిక వేదనకూ ఖర్చులకూ విడిగా అడగండి. బ్యాకప్ ఎందుకు లేదని తప్పక అడుగుతారు. సమాధానం సిద్ధం చేసుకోండి, దాని వల్ల మొత్తం కొంత తగ్గవచ్చు.

షాపు విజయవాడలో ఉన్నా మీరు అక్కడికి తిరగనక్కరలేదు. ఫిర్యాదుదారు నివసించే చోట దాఖలు చేయవచ్చని వినియోగదారుల చట్టం 34వ సెక్షన్ చెబుతోంది కాబట్టి గుంటూరు జిల్లా కమిషన్ చాలు. సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే కనుక ఫీజు లేదు. గడువు నష్టం జరిగిన నాటి నుంచి 2 ఏళ్లు. ముందుగా స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు చూడండి. ఈలోగా 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి. కొన్ని షాపులు అక్కడే రాజీకి వస్తాయి.