అప్రస్తుత ప్రసంగానికి కూర్చోబోతున్న మా మేనకోడలికి

అమ్మలూ,

మీ కాలేజీ ఉగాది అష్టావధానంలో నిన్ను అప్రస్తుత ప్రసంగానికి కూర్చోబెడుతున్నారని మీ నాన్న ఫోన్ చేశాడు. సంతోషం పట్టలేక నిద్రపోతున్న మీ మావయ్యని లేపి మరీ చెప్పాను, ఆ తర్వాత నాకే నిద్ర పట్టలేదు. "ఏముంది, సరదాగా నాలుగు జోకులేసి వచ్చేస్తా" అన్నావట. ఆ మాటకే నా టెన్షన్ అంతా.

అవధానిని ఎనిమిదిమంది ఎనిమిది రకాలుగా పరీక్షిస్తారు కదా, వాళ్ళలో సమస్య (పూరించాల్సిన పద్యపాదం), దత్తపది (పద్యంలో వాడాల్సిన పదాలు), వర్ణన ఇచ్చేవాళ్ళు తమ వంతు రాగానే అడుగుతారు. నీకు వంతంటూ లేదు, ఎప్పుడైనా లేవొచ్చు, ఏదైనా అడగొచ్చు. ఫలానా అక్షరం వాడొద్దని అడుగడుగునా అడ్డుకునే నిషిద్ధాక్షరిలో అవధాని అక్షరం అక్షరానికీ దారి వెతుక్కుంటున్నప్పుడు అడ్డుపడు, ధ్యాస చెదరగొట్టడమే నీ పని, మొహమాటం వద్దు. ప్రశ్న చిన్నదిగా ఉండాలి. మైకు దగ్గరగా పెట్టుకో. ధారణ, అంటే చెప్పిన పద్యాలన్నీ చివర్లో గుర్తుంచుకుని తిరిగి అప్పజెప్పడం, మొదలయ్యాక మాత్రం నోరు మెదపకు.

ఎప్పుడో మా ఊరి గుళ్ళో ఒక కుర్రాడి మొదటి అవధానం జరిగింది. ముందు వరసలో వాళ్ళమ్మ కూర్చుంది. నీ స్థానంలో ఉన్న పెద్దమనిషి పేరున్నవాడే, "పద్యాలు బాగానే కుదురుతున్నాయి, మరి పెళ్ళెప్పుడు కుదురుతుంది నాయనా?" అన్నాడు. జనం పగలబడి నవ్వారు. ఆ నవ్వు విని ఆయనకి హుషారెక్కి, మళ్ళీ లేచి రంగు గురించి, ఇంకోసారి లేచి ఉద్యోగం లేకపోవడం గురించీ అడిగాడు. అబ్బాయి నవ్వుతూనే జవాబులు చెప్పాడు, ఏం చేస్తాడు పాపం, నవ్వకపోతే రసికత లేదంటారు. కానీ ధారణకి వచ్చేసరికి సమస్యాపూరణలో మూడో పాదం దగ్గర ఆగిపోయాడు. ఎంతకీ రాలేదు. వాళ్ళమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించేసుకుంది. ఇంత జరిగినా "సరదాకి అన్నానండీ" అంటూ ఆ పెద్దమనిషి శాలువా కప్పించుకుని వెళ్ళాడు. వేళాకోళం వేరు, ఎగతాళి వేరు తల్లీ. వేళాకోళంలో ఎదుటివాడికి తిరిగి అనే సందు ఉంటుంది.

జంటగా అవధానాలు చేసిన తిరుపతి వేంకట కవుల్ని మీసాలు ఎందుకు పెంచారని అడిగితే, సంస్కృతాంధ్రాలు రెండింటిలోనూ మేమే కవీంద్రులమని చెప్పడానికే పెంచామని పద్యంలో జవాబిచ్చారు. కావాలని పెంచుకున్న మీసం కదా, అడగొచ్చు. ఒంటి రంగు ఎవరు పెంచుకున్నారు?

"మీ ఇంట్లో పెట్టే రసం నవరసాల్లో ఎన్నోది అవధానిగారూ?" అని అడిగావనుకో, ఆకలివేళకి పెడితే శాంతం, ఆలస్యమైతే రౌద్రం అని ఆయన అందుకోవచ్చు. చప్పట్లు ఆయనకి పడతాయి, పడనీ. ఇప్పుడు ప్రతివాళ్ళూ ఫోన్లో వీడియో తీస్తున్నారు, నువ్వు నోరు జారిన ముక్క ఒక్కటే కత్తిరించి ఊరంతా తిప్పుతారేమోనన్నది నా ఇంకో భయం.

చిన్నప్పుడు అందరి నడకా అనుకరించి నవ్వించేదానివి, కుంటుతూ నడిచే మా అమ్మ నడక మాత్రం ఒక్కసారి కూడా చెయ్యలేదు. ఎవరూ చెప్పకుండానే. నేను గమనించాను, మీ నాన్నకి కూడా చెప్పలేదు.

ప్రశ్నలన్నీ రాసి ఆదివారంలోగా వాట్సాప్‌లో పెట్టు. పెళ్ళీ, రంగూ, జీతం ఉన్నవి నేనే కొట్టేస్తాను, తర్వాత పోట్లాడుకుందాం. ఆ రోజు ఖాళీ కడుపుతో వెళ్ళకు, నేనూ మావయ్యా ముందే వచ్చి కూర్చుంటాం.

మీ అత్త